అరువిచ్చిన పిల్లి

ఆ దీవిలో ఓతీలియా పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆమె గండుపిల్లి కాపితాన్. ఏ ఇంటి బంగాళాదుంపల కొట్టంలో ఎలుకలు పడ్డా దాన్ని బుట్టలో పెట్టి పంపేది. ఆమె మొగుడు బెనిగ్నో కొట్టం ఊడుస్తూ ఎలుక పెంటికల దుమ్ము పీల్చి, జ్వరం తగిలి, వారం తిరక్కుండా పోయాడు. ఆ చావు ఇంకో గడప తొక్కకూడదని ఆమె పంతం. పుయెర్తో మోంత్ రేవు నుంచి ఆ పిల్లిని తెచ్చుకున్నదీ అందుకే.

ఈ చలికాలం దీవిలో పిల్లులు చిక్కిపోసాగాయి. చిగుళ్ళు పుండ్లుపడి, చేపముక్క మింగలేక ఒక్కొక్కటే చచ్చాయి. పశువుల డాక్టరమ్మ ఇగ్నాసియా వచ్చి రక్తాలు తీసుకెళ్ళింది. వాన తెరిపిచ్చిన రోజున తిరిగొచ్చి ఓతీలియా పొయ్యి దగ్గర కూర్చుంది. మాతే తేనీరు ఇస్తే తాగకుండా చేత్తో పట్టుకుంది.

"ఇది పిల్లులకొచ్చే ఎయిడ్స్ అమ్మా. మనుషులకంటదు. పంటిగాటుతో ఒకదాన్నించి ఒకదానికి పాకుతుంది."

"అది ఎప్పుడూ ఉన్నదేగా?"

"ఉన్నదే. కానీ ఆ వైరస్‌లో తెగలున్నాయి. జన్యువులు చూసి ఏది ఏ తెగో చెప్తాం. ఇక్కడి ముసలి పిల్లుల్లో ఉన్నది పాత తెగ. చచ్చినవాటిలో ఉన్నది కొత్తది. అది కాపితాన్ రక్తంలో ఉంది. కాపితాన్ వెళ్ళిన ఇళ్ళల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇకమీదట దాన్ని గడప దాటనివ్వకండి."

కాపితాన్ పొయ్యి పక్కన తీరిగ్గా ఒళ్ళు నాక్కుంటోంది. గుమ్మడికాయలా ఉంది, రోగమన్నదే ఎరగనట్టు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

డాక్టరమ్మ పడవ ఎక్కిందో లేదో, పక్కింటి క్లొరిందా ఖాళీ బుట్టతో వచ్చింది. ఆమె పిల్లి కూడా ఈమధ్యే చచ్చింది.

"పిల్లినియ్యవే. కొట్టంలో ఎలుకలు పట్టపగలే తిరుగుతున్నాయి. ఆ గోడవతలే నా మనవరాలు పడుకునేది."

"ఇవ్వలేనే. మీ పిల్లి చచ్చింది దీని కాటుకే."

"అయితే ఇంకేం! ఇప్పుడు కరవడానికి మా ఇంట్లో పిల్లే లేదుగా."

"మీ చూరు దిగితే ఊళ్ళో వేరే పిల్లులున్నాయి కదే."

"అందరిళ్ళకీ పంపినప్పుడు లేని నీతులు నా దగ్గరికొచ్చేసరికి వచ్చాయా? పసిదానికేమన్నా అయితే, నీ పిల్లిని చంకనెత్తుకుని ఊరేగు!"

విసురుగా వెళ్ళిపోయింది. ఆ మాట ఓతీలియాకి తగలాల్సిన చోటే తగిలింది. కాపితాన్‌ని గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. బక్కెట్లో బ్లీచింగ్ నీళ్ళు కలిపింది. బెనిగ్నో పొడిగా ఊడ్చాడు. దుమ్ము లేవకుండా ముందు నేల తడపాలని ఆ రోజుల్లో వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. ముక్కుకీ నోటికీ గుడ్డ బిగించి కట్టుకుని, బక్కెట్టు పట్టుకుని క్లొరిందా కొట్టం దాకా నడిచింది.

తలుపు మీద చెయ్యి వెయ్యగానే లోపల ఎలుకల గీకుడు ఆగిపోయింది. అలా ఆగడంతోనే ఆమెకు భయం వేసింది. గోడవతల పసిపిల్ల కేరింత వినబడింది. ఓతీలియా తలుపు తోసింది.