గుండు తగిలి నిప్పులు లేసినాయి

ఆ ఏడు శ్రావణంలో నన్ను కళ్యాణదుర్గం పంపినారు. అప్పటికి నేను మద్రాసు ఆఫీసులో విమాన ప్రమాదాల విచారణ విభాగంలో సీనియర్ ఇన్‌స్పెక్టర్‌ను. తప్పు ఎవరిదో తేల్చేది కోర్టులు. ఏది విరిగింది, ఎందుకు విరిగింది అనేంతవరకే మా పని. బెంగళూరు నుంచి ఉత్తరానికి పోతున్న ప్రయాణికుల విమానం మా జిల్లా శెనక్కాయ చేన్లలో పడింది. ఎక్కినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.

మా జిల్లా అన్నాను గదా. నేను పుట్టింది రాప్తాడు పక్క పల్లెలో. ఊరు, మనుషులు, మాట తెలిసినవాణ్ని, సర్వీసులో పెద్దవాణ్ని. విచారణాధికారిగా నన్నే వేస్తారని పెట్టె సర్దుకునేటప్పుడే అనుకున్నాను. అంత మంది ఇన్‌స్పెక్టర్లలో విచారణాధికారి ఒక్కడే. ఎక్కడ వెతకాలో ఆయన చెప్తాడు, రిపోర్టు మీద ఆయన పేరే ఉంటుంది. ఆర్డరు వచ్చింది. పేరు సుధాకర్‌ది. తెనాలి వైపు మనిషి, నాకంటే జూనియర్. ఆయన కింద నేను ఇంజన్ల సంగతి చూసుకోవాలంట. మా నాయనకు ఫోన్ చేసి చెప్తే, "మన జిల్లాలో పడితే నిన్ను కాదని ఆయప్పను పెట్టినారా? ఏమప్పా, నీకు పని రాదా?" అన్నాడు. ఫోన్ పెట్టేసినాను.

సుధాకర్ అంటే నాకు కడుపుమంట. దాచేదేముంది? మేము దిగిన సర్కారు బంగళాకు నీళ్లు ట్యాంకర్లో వస్తాంటే మేమంతా రొండు చెంబులతో సరిపెట్టుకుంటిమి. ఆ మనిషి చొక్కా ఇస్త్రీ మడత మాత్రం నలిగేది కాదు. ఢిల్లీ ఫోన్ వస్తే ఆయనకే. పెద్ద అధికారులొస్తే చెయ్యి కలిపేది ఆయనతోనే. పని చేతకానివాడైతే నా బాధ సగం తగ్గేది. ఆ సుఖం కూడా లేకుండా పని బాగా తెలిసినవాడు.

నా భాగం తోక పక్కనుండే ఎడమ ఇంజను. ఇంజను ముందర గిరగిరా తిరిగే రెక్కలన్నీ ఒక లోహపు చక్రానికి బిగించి ఉంటాయి. దాన్ని డిస్క్ అంటాము. అది ఆ వేగంలో పగిలిందంటే ఇంజను గోడలు ఆపలేవు. ముక్కలు బయటికి దూసుకొచ్చి తోకలోని హైడ్రాలిక్ గొట్టాలు తెంపేసినాయి. ఆ గొట్టాల్లో నూనె పోతే పైలెట్ ఎంత తిప్పినా విమానం మాట వినదు. ఇంతవరకు శిథిలాల్లోనే కనపడింది. డిస్క్ ఎందుకు పగిలిందనేది కనపడలేదు, ఎందుకంటే చక్రంలో మూడో వంతు లేదు. పగులు మొదలైంది ఆ లేని ముక్కలోనే. తయారీలో లోపమా, వాడకంలో అరుగుదలా, బయటినుంచి దెబ్బా అనేది ఆ ముక్కే చెప్పాల. అది దొరికేదాకా అదే రకం ఇంజన్లు పెట్టుకున్న విమానాలన్నీ ఎగురుతానే ఉంటాయి, వాటిలో జనం ఎక్కుతానే ఉంటారు. నాకు నిద్ర పట్టనిది ఆ ముక్క కోసమే.

సాయంత్రం బంగళా వరండాలో మీటింగు. ఎవరు ఏం చూసినారో, ఎవరితో మాట్లాడినారో చెప్పాల. ఆ పొద్దు సుధాకర్ గొంతులో హుషారుండింది. కూలిన చోటికి చానా దూరంలో, ఉరవకొండ దోవ పక్క చేన్లో కలుపు తీస్తున్న గంగమ్మ అనే ఆమెను కలిసినానన్నాడు. ఆమె మాటల్నే చెప్తున్నానని చెప్పి, "పైనించి వచ్చింది సామీ, గుండు తగిలి నిప్పులు లేసినాయి" అన్నాడు. అంటే గుండు పేలిందని సాక్షి చెప్తోంది, ముందు పేలుడు జరిగింది, ఆ దెబ్బకే డిస్క్ పగిలింది అని తేల్చినాడు. పొద్దున్నుంచి చేన్లలో వెతుకుతున్న మనుషుల్నంతా ప్రయాణికుల సామాన్లలో బాంబు ఆనవాళ్లు వెతికేదానికి మళ్లిస్తానని, పోలీసులకు ఫోన్ చేస్తానని చెప్పినాడు. పైనుంచి వచ్చిన ఒక అధికారి, సీమ అంటే బాంబులే గదా అని నవ్వినాడు. అందరూ తలాడించినారు.

నేను తలాడించలేదు. సుధాకర్ నోరు తెరిస్తే చాలు, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని చెవులు రిక్కించి కూర్చునే వాణ్ని నేను. ఆ పొద్దు దొరికింది. నా లోపల పండగ! మంది ముందర, గొంతు పెంచి మరీ అడిగినాను. "సుధాకర్, గుండు అంటే ఏమనుకుంటివి?"

బాంబో, ఫిరంగి గుండో, ఏదైతేనేం అన్నాడు.

"మా దిక్కు గుండు అంటే బండరాయప్పా. చేను మధ్యలో ఇల్లంత రాయి ఉంటాదే, అది. ఏదో పైనించి వచ్చి రాతికి తగిలిందని చెప్తాంది ఆయమ్మ. నువ్వు రాయికి నిప్పు పెట్టి విమానం కూల్చినావు."

వరండా అంతా నవ్వింది. సీమ అంటే బాంబులన్న అధికారి కూడా నవ్వినాడు. సుధాకర్ మొహం ఎర్రబడింది. నాకు ఆ రాత్రి అన్నం రుచిగా ఉండింది.

పొద్దున లేసేసరికి జీపు వాకిట్లో ఉంది. "పదండి ఓబులేశు గారూ, ఆ గుండేదో చూద్దాం" అన్నాడు. ఇంకొకడైతే నాలుగు రోజులు మొహం తిప్పుకునేవాడు. ఆ మనిషి తిప్పుకోలేదు, దానికీ నాకు మంటే.

గంగమ్మ మమ్మల్ని చూసి కొడవలి నడుముకు చెక్కుకుంది. "యాడుండారప్పా ఇన్నాళ్లు? నిన్న ఈ సారు వచ్చి రాసుకొని పాయె, గుండు కాడికి రాలే. ఏమి పడిండాదో చూడరా?" అని గట్టిగానే కేకలేసింది. నిప్పులు ఎట్లుండె అక్కా అని అడిగినాను. "తెల్లగా, మతాబా మాదిరి" అంది. ఆ డిస్క్ టైటానియంతో చేసింది. ఆ లోహం రాతికి కొట్టుకుంటే లేసే నిప్పులు తెల్లగానే ఉంటాయి.

గుండు మీద కొత్త గీత ఉంది. ముక్క జారి కింద వంకలో, కంపచెట్లలో పడి ఉండాల. నేను ఏ పక్కనుంచి దిగాలా అని చూస్తున్నాను. అంతలో సుధాకర్ ఇస్త్రీ చొక్కాతోనే కంపలోకి దూరినాడు. చేతులు గీరుకుపోయినాయి, చొక్కా చినిగింది. గుమ్మడికాయ చీలిక మాదిరి ముక్కకు చీటీ కట్టి, కొలిచి, ఫోటో తీయించి, పద్ధతి ప్రకారం పైకి తెచ్చినాడు. ఆ ఫోటోలో నేను లేను. జీపు దగ్గర గంగమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి చెంబు తిరిగి ఇస్తున్నాను.

ప్రయోగశాల తేల్చింది ఇది. లోహం పోతపోసినప్పుడే మచ్చంత లోపం ఉండిపోయింది. ప్రయాణం ప్రయాణానికి పగులు కొంచెం కొంచెం పెరిగింది. తనిఖీలో ఎవరి కంటా పడలేదు. అదే రకం విమానాలు దింపించి డిస్కులు ఊడదీయించినారు. ఇంకోదాంట్లో అదే చోట అదే పగులు కనపడింది. ఆ విమానం ముందురోజు దాకా జనాన్ని మోస్తానే ఉండింది.

రిపోర్టు సుధాకర్ పేరుతో వచ్చింది, ప్రమోషను కూడా ఆయనకే. నా గురించి ఒక్క వాక్యం ఉంది: "స్థానిక భాష తెలిసిన అధికారి సహకరించారు" అని. స్థానిక భాషంట! మేం మాట్లాడేది తెలుగు కాదా? ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నేనూ విచారణాధికారినైనాను. ప్రతి కేసులో సుధాకర్‌ను నా మీటింగుకు పిలిపించుకున్నాను, ఆయన తన మీటింగులకు నన్ను అడిగి తీసుకున్నాడు. మేము స్నేహితులమని ఆఫీసులో అనుకునేవాళ్లు. అది స్నేహం కాదు. ఆ సాయంత్రం వరండాలో సుధాకర్ అంటే ఇష్టమున్నవాళ్లు చానా మంది ఉండిరి, ఒక్కరూ ఆ గుండు మాట సరిగ్గా వినలేదు. విచారణ గదిలో విచారణాధికారి అంటే గిట్టనివాడు ఒకడు తప్పకుండా ఉండాల. ఈ కేసు నాకు నేర్పింది అంతే. ఇద్దరం రిటైరైనాక ఆ కడుపుమంట తగ్గిందా అని నన్ను అడుగుతుంటారు. తగ్గలేదు. ఆ పొద్దు తగ్గి ఉండింటే నేనూ తలాడించేవాణ్ని, ఆ రెండో విమానం మరుసటి రోజు కూడా ఎగిరేది.