చందనం అందరికీ, ప్రశ్నా అందరికీ

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మురుంగపాక్కం బస్ స్టాపులో బొగ్గు, చమురు కంపెనీల మీద రాసిన కరపత్రాలు పంచుతున్నాను. మిగిలిన కట్టను ఏం చేయాలో తోచలేదు. టీకొట్టాయన "ఇంకొకటి ఇయ్యిమ్మా, మావాడికి" అని చెయ్యి చాపాడు. ఇచ్చాను. పెద్దమ్మ విని సరేనన్న చివరి కరపత్రం అది.

విని అనే అంటున్నాను. పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా తమిళ ఊళ్ళో ఒక బడిలో చాలా ఏళ్ళు ఫ్రెంచి చెప్పింది. ఫ్రెంచి, తమిళం, ఇంగ్లీషు చదివేది. పుట్టినప్పటినుంచీ ఇంట్లో మాట్లాడిన తెలుగు మాత్రం చదవలేదు. మా వీధిలో చాలామంది అంతే. నేనైనా తెలుగు అక్షరాలు నేర్చుకున్నది కరపత్రాల్లోనే. కాబట్టి నేను రాసిందల్లా రెడ్డియార్‌పాళయంలో పెద్దమ్మవాళ్ళ వసారాలో కూర్చుని పైకి చదవాలి. "బొగ్గు రాక్షసులారా" అని మొదలుపెట్టినదాన్ని మొదటి వాక్యంలోనే ఆపేసింది.

"ఇదంతా అరుపే. మాట యాడుంది ఇందులో? రాక్షసుడంటే వాడికి సంతోషమే, పేరు చెప్పే పని తప్పుతుంది. వాడు ఎవరి మనిషి? అది చెప్పు."

ఎవరి మనిషి అన్నది ఆమె జీవితమంతా అడిగిన ప్రశ్న. మావాళ్ళ పెళ్ళిళ్ళలో మండపం గుమ్మం ఆమెది. ఎడమచేతిలో వెండి చందనం గిన్నె. వచ్చినవాళ్ళ అరచేతికి చందనం రాసి, "ఏ పక్కమండీ, పిల్లోడి పక్కమా, పిల్ల పక్కమా?" అని అడిగేది. మీలో కొందరికి ఆ చందనం అందే ఉంటుంది. ఒకసారి కిరుమాంబాక్కంలో వేరే మండపానికి పోవలసిన కుటుంబం మా పెళ్ళికి వచ్చేసింది. ఆమె అడిగితేనే ఆ సంగతి బయటపడింది. వాళ్ళు సిగ్గుపడి వెనక్కి తిరగబోతే పోనివ్వలేదు. "తరిమేదానికా అడిగేది? యాడ కూర్చోబెట్టాలో తెలియాల కదా. తినేసి ఆ పెళ్ళికి పోండి."

రిటైరైన తర్వాత ఆమె ఐక్యరాజ్యసమితి వాతావరణ చర్చలకు వెళ్ళింది. అక్కడికి వెళ్ళే కార్యకర్తల బృందం ఒకటి ఫ్రెంచి తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి పెద్దమ్మ దుబాసీ. ఆ అమ్మాయిది సముద్రం కోసుకుపోతున్న ఊరు. నడవాలో ఒక పెద్దమనిషి కలిశాడట. మెడలో ఒక చిన్న దేశపు ప్రతినిధి బిళ్ళ. చమురు ఇప్పుడే ఆపేస్తే తీరంలోని పేదలే నష్టపోతారని మెత్తటి ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దమ్మ ఒక్క ముక్క పోకుండా ఫ్రెంచిలో చెబుతుంటే అమ్మాయి తల ఊపుతూ వింది. అంతా అయ్యాక పెద్దమ్మ తన సొంత మాట ఒకటి కలిపింది.

"అయ్యా, మీరు ఏ పక్కం?"

ఆయన బిళ్ళ చూపించాడు.

"అది మెడలోది. మిమ్మల్ని పంపిందెవరు?"

దాచడానికేముంది అన్నట్టు నవ్వి, ఆయన ఒక చమురు కంపెనీ పేరు చెప్పాడు. పెద్దమ్మ ఆ పేరునూ ఫ్రెంచిలో చెప్పింది. అమ్మాయి తల ఊపడం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ హోటల్ కప్పులో చందనం కలుపుకుని, ఆ అమ్మాయితో కలిసి బయటి గేటు దగ్గర నిలబడింది. ఊరు దాటితే చాలు, ఆమె పెట్టెలో చందనం పొడి ఉండాల్సిందే. లోపలికి పోయే ప్రతివాళ్ళనూ అడిగారు. కొందరు చెప్పారు, కొందరు ఫోన్ చూసుకుంటూ దాటిపోయారు. చెప్పనివాళ్ళు చెయ్యి చాపితే వాళ్ళకూ రాసింది. బృందంలో ఒకాయన ఇదేంటని అడిగితే, "చందనం అందరికీ. ప్రశ్నా అందరికీ" అన్నదట.

నాకు మింగుడుపడలేదు. "పెళ్ళి చెడగొట్టడానికి వచ్చినోడికి కూడా చందనమా పెద్దమ్మా? ఊపిరితిత్తుల డాక్టర్ల సభలో సిగరెట్టు కంపెనీవాణ్ణి కూర్చోబెడతారా?"

"కూర్చోబెట్టకూడదే. అయితే సిగరెట్టు కంపెనీ అనేది ముందు వాడి నోట్లోంచి రానీ. పంక్తిలో ఉండేవాళ్ళు విననీ. లేపేది వాళ్ళే లేపుతారు."

ఇప్పుడు ఆ చర్చలకు పేరు నమోదు చేసుకునేటప్పుడు ఎవరి తరఫున వచ్చారో అడుగుతున్నారు. ఎంతోమంది ఏళ్ళ తరబడి పట్టుబట్టి అడిగితే వచ్చిన మార్పు అది. చెప్పకుండా జారుకునే సందులు ఇంకా ఉన్నాయి. నేను వాటి గురించి మండిపడితే పెద్దమ్మ తమలపాకు తుడుచుకుంటూ, "గుమ్మం కట్టినారు కదా. తలుపు మీరు పెట్టండి" అన్నది.

గిన్నె మాత్రం ఎప్పుడూ నా చేతికివ్వలేదు. "నీ చెయ్యి వేడే. చందనం ఎండిపోతుంది" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. అదే రుజువని ఇంకా నవ్వేది.

ఈసారి చర్చలకు మన తీరం మాటగా ఏం పంపాలో తేల్చడానికి ఊళ్ళో సమావేశం పెట్టుకున్నాం. గుమ్మంలో పెద్దమ్మే నిలబడాలి. ఈలోగా ఆస్పత్రి పాలయింది. మంచం మీదనుంచి, "ఎవరు నిలబడతారే?" అని అడిగింది.

"నేనే."

నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "అరిచినావంటే అందరూ నిన్ను చూస్తారు. వాణ్ణి ఎవరూ చూడరు. అడిగి ఊరుకోవాల. ఆ ఊరుకునేదే కష్టం." తర్వాత గిన్నె బీరువాలో పైఅరలో ఉందన్నది.

సమావేశం నాటికి ఆమె లేదు. "దినాలు కూడా కాలేదు, అప్పుడే చందనం పట్టుకుంటావా?" అన్నది అమ్మ. అలా అన్న అమ్మే చింతపండు పెట్టి గిన్నె తోమి ఇచ్చింది.

మొదట వచ్చినాయన చొక్కాకు ఏదో తీరప్రజల సంఘం బిళ్ళ ఉంది. ఆ సంఘం పేరు తీరంలో మేమెవరమూ వినలేదు. అరచేతికి చందనం రాశాను.

"అయ్యా, ఏ పక్కం?"

బిళ్ళ చూపించాడు.

"మిమ్మల్ని పంపిందెవరండీ?"

కరపత్రాల్లో రాసిన మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. ఊరుకున్నాను. వెనక జనం ఆగారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చందనం చేతిని జేబులో పెట్టుకోలేక, ఫోన్ తీయలేక, ఆయన అరచెయ్యి చాపుకుని అలాగే నిలబడ్డాడు. జవాబు కోసం చూస్తూ నేనూ నిలబడ్డాను. గిన్నెలో చందనం ఇంకా తడిగానే ఉంది.