పెద్దమ్మ దాచిపెట్టిన ఈల

మా పెద్దమ్మ శివరాత్రికి పది రోజుల ముందు పోయింది. ఆ కబురు ఆమె ఫోను నుంచే వచ్చింది, పొద్దున ఎనిమిదింటికి. రోజూ ఆ వేళకు నేనే చేసేదాన్ని. ఆ రోజు తనే ముందుగా చేసిందనుకుని, ఎత్తగానే మొదలుపెట్టాను. "పెద్దమ్మా, ఇయ్యాల మంచు ఎట్ల పడ్డదనుకున్నవ్! కొండ దారిల కోతులు ఒకదాన్నొకటి పట్టుకొని గజగజ వణుకుతున్నయి." అవతల ఉన్నది పెద్దమ్మ పెనిమిటి, మా పెద్దబాపు. నా ముచ్చట మొత్తం అయ్యేదాకా పాపం ఆగాడు. తర్వాత, "మీ పెద్దమ్మ లేదు బిడ్డా" అన్నాడు.

వాకిట్లో ఎండకు కూర్చుని చాయ తాగిందట. గ్లాసు కింద పెట్టి గోడకు ఒరిగిందట. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి అంతకన్నా మంచి చావు ఉండదని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. కానీ ఏడుస్తూ రాస్తే ఆమెకే నచ్చదు కాబట్టి, కళ్లు తుడుచుకుని ఆమె సంతోషాల గురించే చెప్తాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. బషీరాబాద్ అవతల గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టింది. పెళ్లయ్యేదాకా ఆమె బడి, ఆట, పాట అన్నీ మంద వెనకాలే. పెద్దబాపు తాండూరులో బండలు కోసే కార్ఖానాలో పనిచేసేవాడు. నేనుండేది వికారాబాద్‌లో. ఆఫీసులో ఫైళ్లు మోసే ఉద్యోగం.

ఏటా జనవరి మొదటి ఆదివారం రైలెక్కి తాండూరు పోవడం మాకు అలవాటు. పెద్దమ్మ పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి, గంపెడు మధ్యలో పెట్టేది. అవి ఒలుచుకుంటూ, ఈ యేడు ఎవరు ఏం కొత్త అలవాటు మొదలుపెట్టారో చెప్పాలి. నాకు నిర్ణయాలు తీసుకోవడమంటే మహా సరదా. చక్కెర మానేస్తాను, రాత్రి అన్నం మానేస్తాను, ఫోను ముట్టను అని కొత్త డైరీలో అందంగా రాసుకునేదాన్ని. మూడో తారీఖుకల్లా చక్కెర డబ్బా మళ్లీ పొయ్యి పక్కకు చేరేది.

ఒక యేడు నా డైరీ చదివించుకుని విని, పెద్దమ్మ కందితొక్కలు పక్కకు నెట్టింది. "గివన్ని ఇడిసిపెట్టుడే గద బిడ్డా. పట్టుకునేది ఒక్కటన్న రాసినవా? చేతులు ఖాళీ చేసుకుంట పోతే ఏం మిగుల్తది?"

ఆమె లెక్కలో కొత్త సంవత్సరమంటే ఒక కొత్త సంతోషాన్ని పట్టుకోవడం. చిన్నదై ఉండాలి, దినాం చెయ్యదగ్గదై ఉండాలి. మధ్యలో తప్పినా తప్పు లేదు. "ఏం ఫికర్ చెయ్యకు, ఉగాది ఉన్నది గద! మనకు ఏడాదికి రెండు కొత్త ఏండ్లు" అనేది. జనవరిలో బోల్తాపడ్డ వాళ్లందరికీ మా ఇంట్లో ఉగాది నాడు మాఫీ దొరికేది.

ఒక యేడు, చాయ తాగేటప్పుడు చేతిలో ఇంకో పని పెట్టుకోకూడదని పట్టుకుంది. పెళ్లయిన నలభై ఏళ్లకు చాయ రుచి తెలిసిందని అందరికీ చెప్పుకుంది. ఇంకో యేడు, పొద్దున మొదటి రొట్టె తనే తినడం మొదలుపెట్టింది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్ల నడుమ అది చిన్న తిరుగుబాటే. పెనం మీంచి దిగిన జొన్నరొట్టెను ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, మమ్మల్ని చూసి కన్నుకొట్టేది.

అన్నిటికంటే ఘనమైనది ఈల. చిన్నప్పుడు మందను మలపడానికి ఈలేసేదట. అత్తగారింటికొచ్చాక మూసిన నోరు, అరవై ఎనిమిదో యేట తెరిచింది. ముందు గాలి మాత్రమే వచ్చేది. నెల తిరిగేసరికి అంగడి మధ్యలో ఒక్క ఈలేస్తే, బషీరాబాద్ పోయే రెండు ఆటోలు బ్రేకులు కొట్టి ఆగాయి. పెద్దబాపు సంచి చంకన పెట్టుకుని, ఈమె ఎవరో తెలియనట్టు పది అడుగులు ముందు నడిచాడు. ఇంటికొచ్చాక, "గీ వయసుల సీటీలేంది? నా ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు. "నువ్వు గూడ నేర్చుకోరాదు, ఇద్దరి ఇజ్జత్ ఒక్కసారే పోతది" అంది పెద్దమ్మ. ఆయన నేర్చుకోలేదు. అప్పటికే ముందుపళ్లు రెండు లేవు.

ఈ జనవరిలో నా వంతు ఆమే తేల్చింది. "దినాం పొద్దుగాల అనంతగిరి కొండ దారిల నడువు. ఒంటి కోసం గాదు. ఒక్క మంచి సంగతి జూసి నాకు చెప్పు. నా మోకాళ్లు లేస్తలెవ్వు, నీ కండ్లతోని నేను తిరుగుత."

చెప్పిన సంగతి నచ్చితే, పక్కనే చాయ తాగుతూ మా ముచ్చట వినే పెద్దబాపు ముందే ఫోన్లో ఈలేసేది. ఆ ఈల చెవిలో పడితే ఆఫీసులో సగం పూట హుషారుగా గడిచేది. వారం రోజులు నిజాయితీగా నడిచాను. తర్వాత చలి ముదిరింది. నాకు దుప్పటి కంటే ప్రియమైన చుట్టం లేదు. ఒక పొద్దున పక్కమీద నుంచే ఫోన్ చేశాను.

"కొండ దారిల మోదుగు పూసింది పెద్దమ్మా! చెట్టు మొత్తం ఎర్రగ!"

"గట్లనా? ఆకు రాలిందా?"

"లేదు, ఆకులు మస్తున్నయి. ఆకుల నడుమ పూలు. ఎంత మంచిగున్నదో!"

అవతల ఆమె నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. "ఓ బిడ్డా, గొర్లు కాసినదానికే మోదుగు ముచ్చట చెప్తున్నవా? మోదుగు ఆకంత రాల్చి పూస్తది. ఇంకా నెల పడ్తది. నువ్వు దుప్పట్ల ఉన్నవ్ లే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కోప్పడలేదు. "ఇయ్యాల్టి ఈల దాచిపెడ్తున్న. నిజంగ పూసిననాడు చెప్పు, అప్పుడేస్త" అంది.

మర్నాటి నుంచి ఒక్కరోజు తప్పలేదు. దారి మలుపులో ఒక మోదుగును ఎంచుకుని, దాని ఆకులు రాలడాన్ని ఆమెకు రోజూ చెప్పాను. సగం చెట్టు ఖాళీ అయ్యేసరికి పెద్దమ్మ పోయింది.

ఆ తర్వాత నేను నడవలేదు. చూసి ఎవరికి చెప్పాలి? ఉగాదికి మళ్లీ మొదలుపెడదాంలే అనుకున్నాను. కానీ మోదుగు నా ఉగాది దాకా ఆగదు కదా. హోలీకి ముందు ఒక పొద్దున ఆ మాట తట్టి, దుప్పటి తన్నేసి లేచాను. మలుపు తిరగ్గానే నిలబడిపోయాను. నల్లటి మొగ్గల్లోంచి ఎర్రపూలు చెట్టంతా విరగబూసి ఉన్నాయి. చిలుకలు, గోరింకలు తేనె కోసం ఒకటే పోట్లాట. చుట్టూ తిరిగి కొమ్మకొమ్మా చూశాను. ఎనిమిది కాకముందే ఆ పాత నంబరుకే ఫోన్ చేశాను.

పెద్దబాపు ఎత్తాడు.

"పెద్దబాపూ, మోదుగు పూసింది."

ఆయన మెల్లగా, "ఆకు రాలిందా?" అని అడిగాడు.

"ఒక్కాకు లేదు పెద్దబాపూ. ఒట్టు."

గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకున్నాడు. ఇజ్జత్ కోసం అంగట్లో పది అడుగులు ముందు నడిచిన ఆ మనిషి, లేని పళ్ల సందులోంచి ఫూ, ఫూ అని ఊదడం మొదలుపెట్టాడు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారీ గాలే. నేను ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, రాలుతున్న ఎర్రపూల కింద నిలబడి, మూడోదాని కోసం ఎదురుచూశాను.