ఇసుక పైపుకి నేను ఎంచిన మీటరు

ఆ మీటరును ఎంచింది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

రేపల్లె దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగలో పూడిన ఇసుకను పంపుతో తోడి, నీళ్ళతో కలిపి పైపులో ఒడ్డుకు పంపే పని మాది; అందులో కొలత పరికరాలు చూసే ఇంజినీరుని నేను. ఆ పంపు నడిపే పెద్దాయనను అందరం బాబాయ్ అనేవాళ్ళం. పైపు మీద అరచెయ్యి ఆనించి, లోపల ఇసుక ఎంత చిక్కగా పోతోందో చెప్పేవాడు. "బరువెక్కిందమ్మా, నీళ్ళు పట్టిద్దాం" అంటే పట్టించాల్సిందే. ఆయన చెప్పినట్టు చేసినంతకాలం పైపు ఎన్నడూ పూడుకుపోలేదు.

మా మేనేజరుకి చెయ్యి మీద నమ్మకం లేదు. "మీటర్ పెట్టండి మేడమ్. అది కుదిరితే ఆ ముసలాయన్ని ఇంటికి పంపేయొచ్చు" అన్నాడు.

పైపులో పోయే ఇసుక నీళ్ళ వేగం కొలవడానికి ఏ మీటరు కావాలో నాకు తెలియక కాదు. పైపు నిలువుగా లేచే చోట కోసి, లోపల రబ్బరు పొర ఉన్న అయస్కాంతపు మీటరు బిగించాలి. అందుకు నాలుగు రోజులు పని ఆపాలి. ఆపనన్నాడు. పైపుకి పైనుంచి పట్టీలతో కట్టి, శబ్ద తరంగాలతో కొలిచే రకం చాలన్నాడు. చిక్కటి ఇసుకలో ఆ శబ్దం దాటదని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. తెనాలి నుంచి రోజూ బస్సులో పడి తిరిగేదాన్ని, నాకూ ఓపిక చచ్చింది. సంతకం పెట్టేశాను. ఛీ, ఎంత సులువుగా పెట్టానో!

మీటరు కట్టిన తొమ్మిదో రోజు బాబాయ్ పైపు మీద చెయ్యి వేసి, "అమ్మా, ఇసుక అడుక్కి దిగిపోతోందండి. తోడటం ఆపుదాం" అన్నాడు. నేను మీటరు తెర చూశాను. అంకె కదలలేదు. "బాగానే పోతోంది బాబాయ్, మీటర్ చూపిస్తోందిగా" అన్నాను. ఆయన నా మొహం చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు, పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు. పావుగంటలో పైపంతా ఇసుకతో బిగుసుకుపోయింది.

శబ్దం అవతలికి అందనప్పుడు ఆ మీటరు చివరిసారి చూసిన అంకెనే పట్టుకు కూర్చుంటుంది. ఆ ఏర్పాటు మార్చుకోవచ్చని తెలిసీ నేను మార్చలేదు. మేనేజరు ముందు ఆ రోజు మీటరు అంకెల గీత ఉన్న కాగితం పరిచి, "ఇంత తిన్నటి గీత ఎక్కడైనా ఉంటుందా సార్? మీటరు గుడ్డిదైపోయింది. తప్పు నాది" అని మొత్తుకున్నాను.

"మీటర్ చివరిదాకా బాగానే చూపించింది మేడమ్. ఆయనే ఒక్కసారిగా ఇసుక తోసేశాడు" అన్నాడు. నా నోరు నొప్పెట్టడం తప్ప ఏమీ జరగలేదు. సాయంత్రానికల్లా బాబాయ్‌ని ఇక రావద్దన్నారు.

రేపల్లె బస్టాండు దాకా ఆయన వెంట వెళ్ళాను. "మీ చెయ్యే నిజం బాబాయ్, తప్పు నాది" అని ఎన్నిసార్లు చెప్పానో. ఏడుపొచ్చేసింది నాకు.

"ఊరుకోండమ్మా. చదువుకున్నోళ్ళు, మీరు చూసి చెప్పారు కదండీ. నాకే ఎక్కడో తేడా చేసింది" అన్నాడు.

బాపట్ల బస్సు వచ్చింది. ఆయన సంచి తీసుకుని లేచాడు. ఆయన ఊరు అటు కాదు.

"అటెక్కడికి బాబాయ్?" అన్నాను.

"అక్కడ నరాల డాక్టరు ఉన్నాడంటండి. ఈ చెయ్యి ఒకసారి చూపించుకొస్తా."