దించుడు మామయ్య దిగని మెట్టు

“దించు!”

“దించను.”

“మర్యాదగా చెబుతున్నాను, దించు!”

“నేనూ మర్యాదగానే చెబుతున్నాను, పడుకోండి!”

నేనింకా మెట్ల మీదే ఉన్నాను. పైకెళ్ళి తలుపు తోసి చూద్దును కదా, మామయ్య చెప్పులు బీరువా నెత్తిన ఉన్నాయి. బీరువా ముందు దుప్పటి కప్పుకుని, మెడ వెనక్కి విరిచి, జ్వరంతో ఎర్రబడిన కళ్ళతో వాటికేసి చూస్తున్నాడు మామయ్య. పక్కనే చేతులు కట్టుకుని అత్తయ్య. అత్తయ్యకూ బీరువాకూ ఎత్తులో పెద్ద తేడా లేదు. మామయ్యకూ బీరువాకూ మాత్రం చాలా ఉంది.

“స్టూలేదీ?” అన్నాడు మామయ్య.

“పక్కింటి వాళ్ళకిచ్చాను.”

“ఎందుకిచ్చావు?”

“మీరు ఎక్కుతారని.”

మా మామయ్య ఎలాంటివాడో తెలియాలంటే ఆ ఒక్క మాట చాలు. దించు. ఆయన కంటికి ఈ ప్రపంచంలో ప్రతి వస్తువూ ఉండవలసిన చోటు కంటే కాస్త పైన ఉంటుంది. ఎవరింటికి వెళ్ళినా కాఫీ తాగే లోపల క్యాలెండరు ఓ బెత్తెడు కిందికి వస్తుంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని “గొంతు దించమ్మా, మేమేం పారిపోవడం లేదు” అంటాడు. క్షౌరశాలలో కుర్చీ పైకి లేపితే ఒప్పుకోడు. “నా తల ఎక్కడుందో అక్కడికి నువ్వే రా” అంటాడు. పాపం, ఆ మంగలి ఆయన జుట్టు కత్తిరించిన రోజు ఇంకెవరికీ కత్తిరించలేడు. నడుం పట్టేస్తుంది.

ఆయన పెళ్ళిఫోటో మా ఇంట్లో ఉంది. ఫోటోగ్రాఫరు పెళ్ళికొడుకు కాళ్ళ కింద పీట వేయబోయాడట. “నన్నెక్కించడమెందుకయ్యా? ఆవిణ్ణి దించు” అన్నాడట మామయ్య. ఫోటోలో అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉంది. మామయ్య పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరి తలలూ సమానంగా ఉన్నాయి.

ఇలాంటి మనిషికి దేవుడు ఉద్యోగం కూడా వెతికి మరీ ఇచ్చాడు. మునిసిపల్ ఆఫీసులో, కట్టే బిల్డింగులు అనుమతించిన ఎత్తు దాటాయా లేదా చూసే పని. మా ఊరు అప్పుడప్పుడే మీసాలొస్తున్న కుర్రాడిలా ఉంది. నిన్న మేడ ఉన్న చోట ఇవాళ నాలుగంతస్తులు, ఇవాళ నాలుగున్న చోట రేపు ఏడు. ముఖ్యంగా నడిబజారులో. అక్కడ జాగా పక్కకు దొరకదు కాబట్టి అందరూ పైకి పాకుతారు. పాకిన ప్రతివాడి కాలు పట్టుకుని కిందికి లాగడానికి మామయ్య టేపు పట్టుకుని తయారు.

ఒకసారి ఒకాయన పర్మిషను కంటే ఓ అంతస్తు ఎక్కువేశాడు.

“ఇది అంతస్తు కాదు సార్, వాటర్ ట్యాంకు” అన్నాడు.

“ట్యాంకుకి కిటికీలెందుకు? నీళ్ళు బజారుకేసి చూస్తాయా?”

“గాలి ఆడాలి కద్సార్.”

“మంచమెందుకు?”

“వాచ్‌మెన్ పడుకోడానికి సార్.”

“ట్యాంకులో పడుకుంటాడా? ఈతొచ్చా ఆయనకి?” అని గోడ తట్టి, “దించు” అన్నాడు మామయ్య.

మా ఊళ్ళో అంతస్తు పెంచుకోవాలనుకున్న ప్రతివాడూ ఆయన్ని తిట్టుకుంటాడు. దించుడు మామయ్య అని నేను పెట్టిన పేరు ఆఫీసు దాకా పాకింది. ఊరి సిద్ధాంతం ఒకటుంది: పొట్టివాడు, పొడుగు పెళ్ళాన్ని ఏమీ అనలేక ఆ కసి బిల్డింగుల మీద తీర్చుకుంటున్నాడని. నేనూ అదే అనుకునేవాణ్ణి, ఆయన మొహం మీదే అనేవాణ్ణి కూడా. “నీ సిద్ధాంతం బాగానే ఉందిగానీ, ముందు నీ కాలు టేబుల్ మీంచి దించు” అనేవాడు.

ఒక్కసారి మాత్రం ఆ మాట నాకు కలిసొచ్చింది. నేను కాలేజీ మానేసి ఇంటికొచ్చిన రోజు. పాఠం బాగాలేదని లెక్చరర్‌కే చెప్పేసి, పుస్తకాలు బల్ల మీదే వదిలేసి వచ్చాను. నాన్న చెయ్యెత్తాడు. ఆ చెయ్యి గాల్లో ఉండగానే గుమ్మంలోంచి మామయ్య, ఎంతో మామూలుగా, “దించండి బావగారూ, ఫ్యానుకు తగుల్తుంది” అన్నాడు. నాన్న తలెత్తి ఫ్యాను చూశాడు. కోపంలో ఉన్న మనిషి ఒకసారి ఫ్యాను చూశాక మళ్ళీ కొట్టడం కష్టం.

ఇంతమందిని దించిన మనిషి తను మాత్రం ఒక్క మెట్టు దిగడు. ఇది నేను మాటవరసకు అనడం లేదు. నిజంగానే ఒక మెట్టుంది.

నడిబజారులో ఒక పాత వాచీల కొట్టు ఉండేది. దాని రాతిమెట్టు రోడ్డు మీదికి నాలుక చాపినట్టు ముందుకొచ్చి ఉంటుంది. వాచీల ముసలాయన పోయాక కొట్టు మూతపడింది. మెట్టు మిగిలింది. ఆఫీసు కాగానే మామయ్య వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చుంటాడు. పేపరు చదువుతాడు, ఫ్లాస్కులో టీ తాగుతాడు, వచ్చేపోయే వాళ్ళకు దారి చెబుతాడు. వానొస్తే గొడుగేసుకుని కూర్చుంటాడు. ఎండ పోయాక లేస్తాడు. మూసేసిన కొట్టు ముందు కాపలా కాస్తున్నాడని జనం నవ్వుతారు. ఇంటికెళ్తే అత్తయ్య కేసి తలెత్తి చూడాల్సొస్తుందని ఇక్కడ కూర్చుంటాడని ఇంకొందరు. ఈ రెండోది కూడా నేను పుట్టించిందే.

నేనప్పటికి చాలా ఉద్యోగాలు వదిలేసి, ఆ మెట్టు పక్కనే లేస్తున్న బిల్డింగులో పనికి కుదిరాను. కొనడానికి వచ్చిన వాళ్ళకు ఫ్లాట్లు చూపించడం నా పని. తిరుగుతూ చేసే పని కాబట్టి నిలబడ్డాను. నాలుగంతస్తులు లేచాయి. మా ఓనరుకు ఇంకో రెండు కావాలి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

“మీ మామయ్యని ఒక్క మెట్టు దిగమనవయ్యా.”

“ఆయన బేరాలాడడు సార్.”

“నేను చెప్పేది ఆ రాయి గురించి.”

అప్పుడు చెప్పాడు సంగతి. బిల్డింగు ఎంత ఎత్తు లేవాలో దాని ముందున్న రోడ్డు వెడల్పు చెబుతుందట. ఆ వెడల్పు కూడా రోడ్డు ఎక్కడ బాగా ఇరుకుగా ఉందో అక్కడ కొలవాలి. మా రోడ్డు ఇరుకయ్యేది సరిగ్గా ఆ మెట్టు దగ్గర. మెట్టు లేచిపోతే రోడ్డు వెడల్పవుతుంది, రోడ్డు వెడల్పయితే మా బిల్డింగు ఎదుగుతుంది. కానీ అది పాతకాలపు మెట్టు. జనం వాడుతున్నంత కాలం దాని జోలికి పోకూడదని రూలు. వాడుక పోయిందని తేలితే తీసేయొచ్చు.

“ఇవాళ సాయంత్రం రోడ్ల ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడు. ఈ ఒక్క పూటా మీ మామయ్య ఇంట్లో ఉండేలా చూడు. చాలు.”

అదీ నేను వచ్చిన పని. దాచడం నాకు చేతకాదు. బీరువా ముందు నిలబడ్డ మనిషితో అంతా చెప్పేశాను.

“మామయ్యా, నిన్ను ఇంట్లో ఉంచమని మా ఓనరు పంపాడు. నువ్వు వెళ్ళకపోతే ఇవాళ్టితో మెట్టు ఎగిరిపోతుంది. నన్నడిగితే అదీ మంచిదే. ఇంట్లో పడుకో.”

మామయ్య చెప్పుల సంగతి మానేసి ఉత్తకాళ్ళతో గుమ్మం వైపు నడిచాడు. మూడో అడుగుకు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. అత్తయ్య అమాంతం పట్టుకుని మంచం మీద కూలేసింది.

“వాడు వచ్చి చూసేసరికి ఎవరూ లేకపోతే ఎలాగే?” అన్నాడు మామయ్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. దానికి ఎత్తు లేదు.

అత్తయ్య ఫ్లాస్కులో టీ పోసింది. పేపరు చంకలో పెట్టుకుంది. “ఒరే, మీ మామయ్యని మంచం దిగనిచ్చావో, నిన్ను బీరువా ఎక్కిస్తాను” అని చెప్పి వెళ్ళిపోయింది.

“ఏముంది మామయ్యా ఆ రాతి మెట్టులో?” అన్నాను.

“ఆ బిల్డింగు అమ్ముతున్నావు కదా. వచ్చిన వాళ్ళకి ఏ వైపు చూపిస్తావు?”

“ముందు వైపు. బజారు కనబడుతుంది.”

“వెనక వైపు?”

“అక్కడేముంది?”

“చూడకుండా అమ్ముతున్నావన్నమాట” అని అటు తిరిగి పడుకున్నాడు.

ఒక మాట అడిగి ఊరుకుంటే నేను నిలవలేను. మంచం పక్కన కుర్చీలో కాసేపు కూర్చోవడమే నాకు పెద్ద శిక్ష. ఆయన కన్ను మూతపడగానే సైకిలెక్కాను. బిల్డింగు మెట్లన్నీ ఎక్కి డాబా మీదికి వెళ్ళి, మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను.

కింద దుప్పట్లు. తీగల నిండా తెల్లటి దుప్పట్లు, ఒకదాని వెనక ఒకటి, గాలికి పొట్టలు ఉబ్బించుకుని. పక్కనే ఉన్న పెద్దాసుపత్రికి ఉతికిచ్చే లాండ్రీ పెరడది. ఒకావిడ తడి దుప్పటిని బలంగా ఒక్క విదిలింపు విదిలించి తీగ మీద వేస్తోంది. ఇంకొకావిడ ఆరినవాటిని చెంపకు ఆనించి చూసి, వెచ్చగా ఉన్నవాటిని మడత పెడుతోంది. ఆ పెరటికి మూడు వైపులా గోడలే. మధ్యాహ్నం తిరిగాక ఎండ వచ్చేది మా బిల్డింగు మీదుగానే. మా బిల్డింగు నీడ పెరట్లోకి దిగి, సరిగ్గా మొదటి తీగ దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండంతస్తులు వేస్తే ఆ నీడ ఎక్కడిదాకా పోతుందో చూడ్డానికి కాలేజీ చదువు అక్కర్లేదు. నా చెయ్యి పైకెత్తాను. చెయ్యి నీడ రెండో దుప్పటి మీద పడింది. దించేశాను.

ముందు వైపుకు పరుగెత్తి బజారులోకి చూశాను. మెట్టు మీద అత్తయ్య ఉంది. ఆ పొట్టి మెట్టు మీద అంత మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా, పేపరు విప్పుకుని దర్జాగా కూర్చుంది. నేను కిందికి దిగేసరికి రోడ్ల ఆఫీసరు వచ్చేశాడు. చేతిలో అట్ట, చెవి మీద పెన్ను, పక్కనే మా ఓనరు.

“అమ్మా, లేవండి. ఇది చూడాలి.”

“చూడండి. నేనేం కప్పుకుని కూర్చోలేదుగా.”

“ఈ మెట్టు ఎవరైనా వాడుతున్నారా?”

“నేనేం చేస్తున్నాను, నాయనా?”

“మీరు ఇవాళ కావాలని కూర్చున్నారమ్మా” అన్నాడు ఓనరు.

“కూర్చునేవాళ్ళు కావాలనే కూర్చుంటారు. పొరపాటున కూర్చునేది ఎవరు?”

ఆఫీసరు నిట్టూర్చాడు. పొద్దుటినుంచి రోడ్లు కొలిచినట్టున్నాడు, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. అట్ట గాల్లో పట్టుకుని రాయబోతే కాగితం ఎగిరింది.

“నిలబడి ఏం రాస్తారు, కూర్చోండి” అని అత్తయ్య పక్కకు జరిగింది. ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికిచ్చింది.

ఆఫీసరు కూర్చున్నాడు. హాయిగా కాళ్ళు చాపాడు. ఓ గుక్క తాగాడు. అట్ట ఒళ్ళో పెట్టుకుని ‘వాడుకలో లే’ దాకా రాసి, ఆగాడు. తన కిందికి చూసుకున్నాడు. మా ఓనరు తల పట్టుకున్నాడు.

ఆఫీసరు రాసింది కొట్టేశాడు. టీ పూర్తిగా తాగి, ‘వాడుకలో ఉంది’ అని రాశాడు.

సరిగ్గా అప్పుడే సందు మలుపులోంచి పటపటమని చప్పుడు. దుప్పటి కప్పుకుని మామయ్య వస్తున్నాడు. కాళ్ళకు అత్తయ్య చెప్పులు. అడుగు ముందు ఆయనది పడుతోంది, చెప్పు కాస్త ఆలోచించుకుని వస్తోంది. అత్తయ్య లేచి నిలబడి ఆ చెప్పులకేసీ నాకేసీ చూసింది. బీరువా గుర్తొచ్చి నేను ఆఫీసరు వెనక్కి వెళ్ళాను.

బిల్డింగు నాలుగంతస్తుల దగ్గరే ఆగింది. నా ఉద్యోగం ఆ సాయంత్రమే ఆగింది. వచ్చినవాళ్ళకు వెనక వైపు కూడా చూపిస్తానని ఓనరుకు చెప్పాను మరి.

కొన్నాళ్ళకు మామయ్యకు వేరే ఊరికి బదిలీ అయింది. జీవితమంతా ఎత్తులు కొలిచిన మనిషి మీద ఎవరో ఎత్తు వేశారని అత్తయ్య అంటుంది. మామయ్య మాత్రం “ఆ ఊళ్ళో కొండలున్నాయట” అన్నాడు, అదేదో వాటి తప్పన్నట్టు. వెళ్ళే ముందురోజు నన్ను మెట్టు దగ్గరికి రమ్మన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. వెనక పెరట్లోంచి తడి దుప్పటి విదిలించిన చప్పుడు తుపాకీ పేల్చినట్టు వినిపించింది.

“వాళ్ళకి తెలుసా మామయ్యా, నువ్విక్కడ ఎందుకు కూర్చుంటావో?”

“తెలిస్తే వచ్చి దణ్ణాలు పెడతారు. నాకు టీ చల్లారిపోతుంది.”

“మరి రేపటినుంచి?”

మామయ్య ఫ్లాస్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు. మొహమాటపడుతున్నాడని అర్థమైంది. ఊరందరినీ దించమని ఆజ్ఞాపించిన మనిషి, నన్నొక మాట అడగడానికి గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు ఎక్కడా కుదురుగా కూర్చోవని మీ నాన్న గోల. నేనెప్పుడూ నిన్నేమీ అనలేదు. కూర్చోవాల్సిన చోటు దొరకలేదేమో అనుకున్నాను. ఒరే అల్లుడూ, సాయంత్రాలు ఇక్కడ కాసేపు కూర్చుంటావా?”

“ఎంతసేపు?”

మామయ్య తలెత్తి, మా బిల్డింగు పిట్టగోడ మీదుగా జారుతున్న ఎండకేసి చూశాడు.

“దాన్ని మనం దించక్కర్లేదురా. అదే దిగుతుంది. దిగేదాకా కూర్చో.”