మా ఆయన చంపిన పాము

పామును చంపింది మా ఆయన. పుట్ట చుట్టూ తిరిగింది నేను. నా పెళ్ళైన తొలి ఏళ్ళ గురించి ఎవరైనా అడిగితే ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. వాళ్ళు ఊరుకోకపోతే మిగతాదీ చెబుతాను.

జార్జి టౌన్‌లో మాకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. కింద కొట్టు, వెనక గోడౌను, పైన మా కాపురం. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మా ఆయనకు వేట పిచ్చి. వేట అంటే ఏ పులో, అడవిపందో అనుకునేరు. ఒక ఎయిర్ గన్, ఒక స్కూటరు, తోడుగా పక్క కొట్టు బెల్లం వ్యాపారి. ఆదివారం తెల్లారేసరికి తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని, అంబత్తూరు ఫ్యాక్టరీలు దాటి, అవతల తుమ్మ పొదల్లోకి కౌజు పిట్టల కోసం పోయేవాళ్ళు. పోయేముందు నా చేత మసాలా నూరించి మరీ పోయేవాడు. మధ్యాహ్నానికి ఒంటినిండా పల్లేరు కాయలు అంటించుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. ఆ మసాలా పెట్టి ఎన్ని ఆదివారాలు వంకాయ కూర వండానో దేవుడికే తెలియాలి.

పిట్టలు దొరక్కపోయినా కబుర్లకు కరువుండేది కాదు. వాటన్నిటిలోకీ పెద్దది పాము కబురు. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం చొక్కా చిరిగి, ఒక కాలికి చెప్పు లేకుండా ఇంటికొచ్చాడు. ఏమైందని వాళ్ళమ్మ అడిగితే, నాగుపాము అడ్డం వచ్చిందనీ, పడగెత్తి మీదికొచ్చిందనీ, తుపాకీ మడమతో ఒక్క దెబ్బ కొడితే చచ్చి ఊరుకుందనీ చెప్పాడు. కొత్త పెళ్ళాం వింటోంది కదా, అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు పాము ఇంకో రెండు మూరలు పెరిగింది. నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

మా అత్త మాత్రం తింటున్న చెయ్యి ఆపేసింది. మా వాళ్ళలో నాగుపాము చస్తే ఇంట్లో మనిషి పోయినట్టే లెక్క. దాని నోట్లో రాగి కాసు పెట్టి, నెయ్యి పోసి దహనం చేసి, తర్వాత ఆ చోట పాలు పోసి రావాలి. అలా చేస్తే దోషం అక్కడితో సరి. దిక్కులేని శవంలా వదిలేసి వస్తే వంశానికి తగులుతుందని నమ్మకం. అందుకని ఆమె కొడుకును ఒక్కటే అడిగింది.

"కాల్చినావా దాన్ని?"

"లేదమ్మా," అన్నాడు.

ఆమె కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది, నా కడుపు పండలేదు. ఇంకేముంది, కారణం అందరికీ తయారుగా ఉంది. కాల్చకుండా వదిలేసిన పాము శాపం. మా వీధి చివర చిన్న అమ్మవారి గుడి, అందులో ఒక పుట్ట. శుక్రవారం వచ్చిందంటే చీకటితోనే లేచి, తల స్నానం చేసి, తడి బట్టలతో చేతిబళ్ళ మధ్య దారి చేసుకుంటూ ఆ గుడికి పోవడం, పుట్టలో పాలు పోయడం, గుడ్డు పెట్టడం, చుట్టూ తిరగడం. పాలు పోసి పోసి ఆ పుట్ట కరిగిపోతుంటే పూజారి దాని చుట్టూ సిమెంటు వేయించాడు. సిమెంటు వేశాక అందులోకి ఏ పాము దూరుతుందని అడిగితే, కోపగించుకుని నాకు కుంకుమ తక్కువ పెట్టాడు. నేను చలిలో వణుకుతూ ఇంటికొచ్చేసరికి, పామును చంపిన వీరుడు దుప్పటి ముసుగేసుకుని గురక పెడుతుండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ మధ్యలో నేను మా అమ్మను తోడు తీసుకుని రాయపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె పరీక్షలన్నీ చేసి, నాలో లోపమేమీ కనబడటం లేదనీ, మా ఆయనకు కూడా ఒక పరీక్ష చేయాలనీ, ఆయన్ను తీసుకురమ్మనీ చెప్పింది. చిన్న పరీక్షే, భయపడాల్సిందేమీ లేదంది. ఆ రోజు నుంచి నాకు ఉన్న కోరిక ఒక్కటే. ఈ మనిషిని తీసుకెళ్ళి ఆ డాక్టరు ముందున్న కుర్చీలో కూర్చోబెట్టాలి. బిడ్డ పుట్టినా పుట్టకపోయినా సరే, తెలియాలి.

అబ్బే, వస్తేనా. కొట్టులో సరుకు దిగుతోందనేవాడు. పండగ బేరం అయిపోనీ అనేవాడు. నేను మరీ గట్టిగా పట్టుకుంటే మొహం గంభీరంగా పెట్టి, ముందు దోషం పోనీ, దోషం పోకుండా డాక్టరు మాత్రం ఏం చేస్తుందనేవాడు. వాళ్ళమ్మ పక్కనుంచి తల ఊపేది. ఇలా ఏళ్ళకేళ్ళు దొర్లిపోయాయి.

చివరికి తిరువొత్తియూరులో ఎవరో జోస్యుడు మా అత్తకు ఒక దారి చెప్పాడు. బియ్యప్పిండితో పాము చేసి, అసలు పాము చచ్చిన చోటికే తీసుకెళ్ళి, దానికి జరగాల్సిన దహనం జరిపిస్తే దోషం తీరిపోతుందట. మా అత్త ఎగిరి గంతేసినంత పని చేసింది. నేనైతే, సరే, ఇది కూడా కానిచ్చేస్తే ఆయనకు ఇక సాకు మిగలదు గదా అనుకున్నాను. ఆయనేమో ఆ చోటు గుర్తు లేదన్నాడు. చాలా ఏళ్ళైందన్నాడు. ఆడ ఫ్యాక్టరీ కట్టేసి ఉంటారన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. ఒక ఆదివారం తనే పిండి కలిపి, ముద్దగా పాము చేసి, మిరియపు గింజలు కళ్ళుగా గుచ్చి, టిఫిన్ డబ్బాలో చుట్టగా పెట్టి నా చేతికిచ్చింది. నెయ్యి, కర్పూరం, రాగి కాసు వేరే సంచిలో.

ఇంత జరుగుతుంటే ఆ మహానుభావుడు గోనెసంచిలో తుపాకీ చుడుతున్నాడు. అదెందుకండీ అంటే, ఎటూ పోతున్నాం కదా, పిట్ట కనబడితే ఊరికే వదిలేస్తామా అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్కూటరు ఎక్కి కూర్చున్నాను. బెల్లం వ్యాపారి తన మోపెడ్ మీద వెనకే వచ్చాడు.

పొదల్లోకి వెళ్ళాక మొదలైంది అసలు తమాషా. ఈడే అనుకుంటా అంటాడు, కొంచెం దూరం పోయి, కాదు, ఆడ అంటాడు. ఎండ నెత్తికెక్కింది. చీర కుచ్చిళ్ళు ముళ్ళకు తగులుకుని చిరుగుతున్నాయి. ఆయన చూపించిన ప్రతి చోటా నేను కర్పూరం తియ్యడం, ఆయన అనుమానపడటం, నేను మళ్ళీ సంచిలో పెట్టుకోవడం. బెల్లం వ్యాపారి మాత్రం వెనక వెనకే, నోట్లో మాట లేకుండా నడుస్తున్నాడు.

అప్పుడు తుమ్మ మొదలులోంచి ఒక పాము బయటికొచ్చింది. పొడుగ్గా, పసుపూ గోధుమా కలిసిన రంగులో, మా ముందు బండిదారికి అడ్డంగా పోతోంది. జెర్రిపోతు. ఎలుకల కోసం మా గోడౌనులోకి కూడా అప్పుడప్పుడూ వస్తుంది. విషం లేదు, పాడూ లేదు, కదలకుండా నిలబడితే దాని దారిన అది పోతుంది. నేను నిలబడ్డాను. బెల్లం వ్యాపారీ నిలబడ్డాడు.

మా ఆయన తుపాకీ కింద పారేసి పరిగెత్తాడు. ముళ్ళు లేదు, పొద లేదు, వెనక పెళ్ళాం ఉందన్న ధ్యాస లేదు. ఒక చెప్పు పాము ముందే వదిలేసి, అంత దూరాన గట్టెక్కి నిలబడ్డాడు. పాము తొందర లేకుండా దారి దాటి గట్టు బొరియలోకి పోయింది.

బెల్లం వ్యాపారి నవ్వు ఆపుకోలేకపోయాడు. "అప్పుడూ ఇంతే వదినా. ఆ దినం కూడా చెప్పు ఇడిసిపెట్టే పరిగెత్తినాడు."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. "మరి తుపాకీతో కొట్టి చంపింది?" అని అడిగాను.

అతని నవ్వు ఆగిపోయింది. నేల చూస్తూ, దెబ్బే పడలేదన్నాడు. పోనీ అది నాగుపామేనా, పడగ చూశారా అని అడిగితే, చూసేదానికి ఎవరు నిలబడినారు వదినా అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని మా ఆయన అతని చేత ఒట్టు పెట్టించుకున్నాడట.

చేతిలో డబ్బా, డబ్బాలో మిరియాల కళ్ళ పాము. ఇన్ని శుక్రవారాల తడి బట్టలు, ఇన్ని పాలు, ఇన్ని గుడ్లు, బతికి సుఖంగా బొరియలో పడుకున్న పాము కోసమా! అబద్ధమాడేవాడు వాళ్ళమ్మ అడిగినప్పుడే కాల్చేశానమ్మా అని ఇంకొక్క అబద్ధం ఆడి ఉంటే ఆ రోజుతో పోయేది గదా. ఆ ఒక్క మాట దగ్గరే సత్యహరిశ్చంద్రుడయ్యాడు.

చెప్పు కోసం మెల్లగా వెనక్కొచ్చాడు. నేను అరవలేదు. అరవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాను.

ఆయన చాలాసేపు చెప్పులో ముల్లు వెతుక్కున్నాడు. "మొదట గొప్పకు చెప్పినా. తర్వాత అమ్మ దోషం అనింది. సరే, తప్పు పాము మీదనే ఉండనీ అనుకున్నా. దాని మీద ఉంటే నా మీదికి రాదు గదా."

ఇంటికొచ్చేసరికి మా అత్త గడప దగ్గర పసుపు నీళ్ళతో నిలబడి ఉంది. నేను డబ్బా ఆమె ముందు పెట్టి, మీ అబ్బాయి చెబుతాడు వినండి అన్నాను. ఆయన గోడ చూస్తూ చెప్పాడు. వింటూ వింటూ ఆమె మొదట రెండు చేతులూ జోడించి దండం పెట్టుకుంది, నాగుపామును చంపిన పాపం లేదు కదా అని. తర్వాత అలవాటు కొద్దీ నా వైపే తిరిగింది.

"చావలేదా? మరి నీకు బిడ్డలెందుకు లేరు?"

"ఆ మాట ఆయన్ని అడగండత్తా," అన్నాను. "డాక్టరమ్మ కూడా ఆయన్నే రమ్మంటోంది."

ఆమె నన్ను చూసింది, కొడుకును చూసింది. పసుపు నీళ్ళు మెట్ల మీద పారబోసి లోపలికి వెళ్ళిపోయింది. పిండి పామును నేను వీధిలో ఆవుకు పెట్టాను.

ఆ వచ్చే శుక్రవారం ఒళ్ళు దానంతటదే చీకటితో లేచింది. తల మీద నీళ్ళు పోసుకుని పాల చెంబు తీసుకుని మెట్లు దిగబోతుంటే మా అత్త అడ్డం వచ్చి చెంబు లాక్కుంది.

"పుట్టకు పోసింది చాలు. దీంతో కాఫీ పెట్టి వాడికియ్యి. తాగేసి నీ వెంట ఆస్పత్రికి వస్తాడు. కొట్టు నేను చూసుకుంటా."

అన్న మాట ప్రకారం కొట్టు తాళాలు బొడ్లో దోపుకుని వెళ్ళి గల్లాపెట్టె ముందు కూర్చుంది. ఆయన కాఫీ తాగి, ఉతికిన చొక్కా వేసుకుని, నోరెత్తకుండా నా వెంట బస్సెక్కాడు.

రాయపురంలో డాక్టరు ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదని అడిగింది. చెప్పడానికి నా దగ్గర బోలెడంత ఉంది. పాము, పుట్ట, పూజారి, సిమెంటు అన్నీ నాలుక చివరికొచ్చాయి. నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పాడు.

"భయం మేడమ్."

ఒక్క మాట. పామును చూసి చెప్పు వదిలేసి పరిగెత్తిన రోజు కూడా ఆయన నోట ఆ మాట రాలేదు. ఇంత చిన్న మాట కోసం నన్ను ఇన్నేళ్ళు తడి బట్టలతో తిప్పాడే అని కడుపు రగిలిపోయింది. బల్ల కింద ఆయన మోకాలు ఆగకుండా వణుకుతోంది. తిట్టుకుంటూనే దాని మీద చెయ్యి వేసి పట్టుకున్నాను.