రెండో గదికి జ్వరమొచ్చింది

ఆ రోజుల్లో అనగానే మీరు నాకు నెరిసిన మీసాలు ఊహించుకోకండి. ఇది జరిగి మరీ ఎక్కువ కాలం కాలేదు. కాకపోతే మనిషి ఒకసారి గట్టిగా భయపడ్డాక, దానికి ముందున్న బతుకంతా ‘ఆ రోజుల్లో’ కిందికే వస్తుందని నా అభిప్రాయం. ఆ రోజుల్లో నాకు మూడింటి మీద అపారమైన నమ్మకం ఉండేది: నా చదువు, నా చేతిరాత, ఏ పనైనా ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా చేస్తే తప్పు జరగదన్న సూత్రం. (మా అమ్మ మాత్రం నాలుగోదాన్ని, అంటే ప్రార్థనను, నమ్ముకొమ్మనేది. నేను వినలేదు.)

ఖమ్మంలో కంప్యూటర్లూ కొలత పరికరాలూ బిగించే ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. కంపెనీ అంటే మా సారు, ఆయన కుర్చీ, నేను. సారు నన్ను మొదటిసారి ఒంటరిగా పంపింది పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి. బయట మండే ఎండ. లోపల ఎనిమిది పెద్ద గదులు, నిండా మిర్చి బస్తాలు, ఆరు డిగ్రీల చలి. గదికి వేడి కొలిచే ఒక సెన్సరు, చల్లగాలి ఫ్యాన్లను తిప్పే ఒక పెట్టె ఉన్నాయి. ఆ ఎనిమిది పెట్టెల తీగలూ ఆఫీసులోని ఒకే కంప్యూటరుకి చేరాలి. మామూలు కంప్యూటరుకి అలాంటి తీగను పట్టే సీరియల్ పోర్టు ఒక్కటుంటే గొప్ప. అందుకని ఎనిమిది పోర్టుల కార్డు కొన్నారు. దానికి వెనకవైపు ఒకటే వెడల్పాటి మూతి, ఆ మూతికి ఎనిమిది తోకల కేబులు.

చిక్కేమిటంటే, ఆ కంప్యూటరును నడిపే లినక్స్ అనే సిస్టమ్ తనంతట తాను నాలుగు పోర్టులకు మించి చూడటం లేదు. ఐదోది ఎంత పిలిచినా పలకదు. చాలాసేపు తల గోక్కున్నాక, సిస్టమ్ మొదలయ్యే చోట ఆ హద్దును పెంచుతూ ఒక్క ముక్క రాయాలని తట్టింది. రాసి మళ్లీ ఆన్ చేస్తే ఎనిమిదీ పలికాయి. తెర మీద ఎనిమిది గడులు, ఎనిమిదింట్లోనూ ఆరు డిగ్రీలు. ఆ ఊపులో ఒక నియమం కూడా రాశాను: ఏ గది పది డిగ్రీలు దాటినా ఆఫీసులో గంట మోగాలి, ఆ పోర్టు మీదనే కబురు వెళ్లి ఆ గది ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగాలి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాకు అప్పుడు తెలియని సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఆ కార్డు మీద చిప్పులు రెండు, ఒక్కోదాని కింద నాలుగు పోర్టులు. సిస్టమ్ రెండో చిప్పును ముందు పలకరించింది. దాంతో ఒకటో గది అంకె ఐదో గడిలో, ఆరో గది అంకె రెండో గడిలో కూర్చున్నాయి. అన్ని గదులూ ఆరు డిగ్రీలే అయినప్పుడు ఎవరి అంకె ఎవరిదో ఏ మానవుడు కనిపెడతాడు? స్కూలు ప్రార్థనలో పిల్లల్లా వరసగా నిలబడ్డాయనే నేను అనుకున్నాను.

టీ తాగేటప్పుడు మిషన్ ఆపరేటరు (అక్కడందరూ ఆయన్ని ఫ్రిజ్ మామ అంటారు) నేను అడక్కుండానే అక్కడి చరిత్ర చెప్పాడు.

“పోయినేడు ఆరో గదిల కట్లపాము దొరికింది తెల్సా? రెండు బస్తాల నడుమ, సలికి కట్టె లెక్క బిగుసుకపోయింది. ఎండల ఏస్తే లేసి అడవిలకు పోయింది.”

“మనిషి బిగుసుకుపోతే?” అని నవ్వుతూ అడిగాను.

“మనిషిని గూడ ఎండల్నే ఏస్తం,” అన్నాడు మామ, నవ్వకుండా.

పని అయిపోయింది కదా, ఇంటికి పోవచ్చు. కానీ ఆరో గదిలో సెన్సరు తీగ వదులుగా వేలాడుతోందని గుర్తొచ్చింది. వేలాడే తీగ ఉన్నచోట నాకు అన్నం సయించదు. ఫోను చార్జింగులో వదిలేసి, మంకీ క్యాపు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్లాను. తీగను గోడకు బిగించి కట్టాను. అప్పుడే హమాలీల పెద్దమేస్త్రి తలుపు దగ్గరికి వచ్చి, అక్కడి ఆనవాయితీ ప్రకారం, “మూస్తున్నా!” అని అరిచాడు. లోపలున్నవాడు వెంటనే బదులు అరవాలి. కానీ సరిగ్గా ఆ క్షణాన మిర్చి ఘాటు నా ముక్కులో చేరింది. నోరు తెరుచుకుని, కళ్లు పైకప్పుకేసి, రాబోయి రాని తుమ్ము కోసం నిలబడిపోయాను. ఆ స్థితిలో మనిషి మాట్లాడలేడు, మీరూ ప్రయత్నించి చూడండి. తలుపు మూసుకుంది. తుమ్ము వచ్చింది. పొదుపరి మేస్త్రి బయటి స్విచ్చితో లోపలి లైటు కూడా ఆపేశాడు.

చీకట్లో నా బుర్ర అలవాటుగా వరస కట్టింది. ప్రమాదాలు: ఒకటి చలి, రెండు కట్లపాము, మూడు మా సారు. తలుపుకు లోపల పిడి లేదు, మందం జానెడు, ఎంత గుద్దినా దుప్పటి మీద గుద్దినట్టే ఉంది. బయటికి వినపడే బెల్లు ఒకటుంది, కానీ దాని బటను బస్తాల గుట్ట అవతల. ఆ గుట్టెక్కాలని చెయ్యి వేశాను. వేళ్లకు మెత్తగా, చల్లగా, పొడుగ్గా ఏదో తగిలింది. గోనెసంచి మూతి కట్టిన తాడే అయి ఉంటుంది. అయి ఉంటుంది అన్న మాట చీకట్లో ఏమాత్రం ఆసరా ఇవ్వదు. ఒక్క గెంతులో తలుపు దగ్గరికి వచ్చి పడ్డాను. అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. రెండోసారీ అక్కడే ఆగిపోయింది. ఈ గదిలోంచి బయటికి పోయే దారి ఇంకేముందని వెతుకుతుంటే తట్టింది: సెన్సరు తీగ! దాని చివరి సెన్సరును వేడి చేస్తే చాలు, ఆఫీసులో గంట మోగుతుంది, ఆరో గడి ఎర్రబడుతుంది, పరిగెత్తుకొస్తారు.

తలుపు పక్క గోడను తడిమి, సెన్సరును గుప్పిట్లో పట్టుకుని, చాలక చంకలో పెట్టుకున్నాను. కాసేపటికి తల మీద ఏదో గుర్రుమంది. ఫ్యాన్లు! నేను రాసిన నియమం అక్షరాలా అమలవుతోంది. గది వేడెక్కిందనుకుని నా కంప్యూటరు నా నెత్తి మీదే చల్లగాలి కుమ్మరిస్తోంది. పళ్లు టకటకలాడి సెన్సరు వదిలేశాను, ఫ్యాన్లు ఆగాయి. ఎవరూ రాలేదు. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ గాలి. పట్టుకుంటే చలికి చస్తాను, వదిలేస్తే నేనున్నట్టు ఎవరికీ తెలియదు. ఎందుకు రావడం లేదు? గంట మోగడం లేదా? లేక మోగుతున్నా... అప్పుడు, ఆ చీకట్లో, కార్డు మీది రెండు చిప్పులూ నా కళ్ల ముందు కనిపించాయి. గడులు తారుమారై, వాళ్లు వేరే గది తెరుస్తున్నారు!

బయట ఏం జరిగిందో తర్వాత వాళ్లే చెప్పారు. గంట మోగింది, రెండో గడి ఎర్రబడింది. మామా మేస్త్రీ ఇద్దరూ ఉరికి రెండో గది తెరిచి చూసి మూసి వచ్చారు. గంట మళ్లీ మోగింది.

“రెండో గదికి జరమొచ్చిందే మేస్త్రీ,” అన్నాడు మామ.

“జరమా? ఇప్పుడే గద సలికి పండ్లు కొరుక్కుంట బయటికొచ్చిన!”

“కంప్యూటర్ చెప్తుంది మరి.”

“కంప్యూటర్ లోపలికి పోయి చూసొచ్చిందా? పోయింది నేను. ఇంతకు ఆ పిల్లగాడేడి?”

“కనబడతలేడు. బాత్రూముల గూడ లేడు.”

“ఇంకేంది, మిషన్ కరాబు చేసి పరారైండు!”

మామ మా సారుకి ఫోను చేసి, మీ ఇంజనీరు పారిపోయాడని చెప్పాడు. “వాడా? వాడు పారిపోవాలన్నా ముందు బస్సుల టైములు రాసుకుంటడు. సరిగ్గ ఎతకండి,” అని సారు పెట్టేశాడట. (నా గురించి ఆయన ఇచ్చిన ఏకైక యోగ్యతాపత్రం అదే.) ఈలోగా మేస్త్రి, ఆధారాల కోసమే అని ఇప్పటికీ అంటాడు, నా టిఫిన్ డబ్బా మూత తీశాడు.

“మామా, కోడికూర! తొడ ముక్క గూడ ముట్టలే! గిది ఇడిసిపెట్టి పరారయ్యేటోడు ఈ జిల్లాల ఇంకా పుట్టలే. పిల్లగాడు లోపల్నే ఉన్నడు. జల్దీ, అన్ని తలుపులు తియ్!”

ఒకటో గది నుంచి వరసగా తెరుచుకుంటూ వచ్చారు. ఆరోది తెరిచేసరికి, చంకలో సెన్సరు పెట్టుకుని, మంకీ క్యాపులో ముక్కు మాత్రమే కనిపిస్తూ నేను బయటికి ఒరిగాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “రెండు కాదు... ఆరు... ఆరు...”

మేస్త్రి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “ఒట్టు బిడ్డా, నేను మూత తీసేసరికి నాలుగు ముక్కలే ఉన్నయ్.”

మామ మాట తప్పలేదు. నన్ను మోసుకెళ్లి ఎండలో వేశారు. వేడి టీ తాగాక చేతులు కాస్త స్వాధీనంలోకి వచ్చాయి. కూర్చుని పోర్టుల వరస మార్చి రాశాను. అయితే ఈసారి ఊహ పనికిరాదు. ఒక్కో గదిలోకీ వెళ్లి సెన్సరును చేత్తో వేడిచేసి, ఏ గడి కదులుతుందో చూడాలి. ఆ పని నాది. ఒకటో గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను.

మేస్త్రి నా మొహం చూశాడు. తువ్వాలు దులిపి గుమ్మానికి అడ్డంగా పరిచి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. “పో బిడ్డా. నన్ను తొక్కుకుంటే గాని ఈ తలుపు మూసుకోదు.” నేను లోపలికి వెళ్లాను. రెండు క్షణాలకోసారి ఆయన అరిచేవాడు, “ఉన్నవా?” నేను అరిచేవాణ్ణి, “ఉన్నా!” ఆఫీసులోంచి మామ, “ఒకటో గడే కదిలింది!” అన్నాడు. అలా ఎనిమిదో గది దాకా గుమ్మం నుంచి గుమ్మానికి తువ్వాలు జరిగింది, మేస్త్రి జరిగాడు, ఆ కేక మాత్రం మారలేదు.

ఇప్పుడు నేను పనిచేసే చోట అన్నీ అద్దాల తలుపులు, లోపలి నుంచి వేలు ఆనిస్తే తెరుచుకుంటాయి. అయినా ఒంటరిగా ఏ కార్డో బిగిస్తున్నప్పుడు, వెనక తలుపు మెత్తగా మూసుకుంటే పని ఆపి వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరూ అడక్కపోయినా, నెమ్మదిగా, పక్కవాళ్లకు వినపడకుండా, “ఉన్నా” అనుకుంటాను. ఆ మంకీ క్యాపు కుర్రాడు గొంతు చించుకుని అరిచినంత ధీమాగా మాత్రం ఇప్పుడు రావడం లేదు. వాడికేం, వాడికి గుమ్మంలో మేస్త్రి ఉన్నాడు.